పట్టా తర్వాత సారె

చిత్రకళలో పట్టా పుచ్చుకొన్న ఒక యువకుడో, యువతియో ఇంటికి వచ్చి "నేను ఉద్యోగానికి పోను, కుండలు చేసి బ్రతుకుతాను" అంటే ఆ ఇంట్లో ఏమి జరుగుతుందో ఊహించడం కష్టం కాదు. తల్లి కంట తడి పెడుతుంది. తండ్రి మూడు రోజులు మాట్లాడడు. "ఇందుకేనా ఇన్నేళ్లు చదివించింది?" అని బంధువులు నిలదీస్తారు. బొమ్మలు వేస్తానంటే అంతో ఇంతో సహించే సంఘం కుండలు చేస్తానంటే సహించదు. కుంచె పట్టిన చేయి కళాకారుని చేయి, మట్టి పిసికిన చేయి కూలివాని చేయి అన్న భేదం మన మనస్సులలో అంత లోతుగా నాటుకొని ఉన్నది. ఈ భేదం న్యాయమైనదేనా? కళాశాలలో కళను అభ్యసించినవారు కుమ్మరి సారెనే పూర్తి జీవనాధారంగా స్వీకరించడం వివేకమేనా? ఈ రెండు ప్రశ్నలను విద్యార్థుల ముందు, కళాశాల పాలక సంఘంవారి ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. మొదటి ప్రశ్నకు నా సమాధానం 'కాదు' అని. రెండవదానికి 'అవును, కాని కొన్ని నియమాలతో' అని. ఆ నియమాలు ఏమిటో చెప్పకుండా యువకులను మట్టిలోకి దిగమని ప్రోత్సహించడం బాధ్యత గల ఉపాధ్యాయుడు చేయవలసిన పని కాదు.

ముందు మన భాషలను చూద్దాం. సంస్కృతంలోని కుంభకార శబ్దమే మన కుమ్మరి. కుండ, కడవ, చట్టి, దాక, మూకుడు, బాన, పిడత, ప్రమిద అంటూ ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క పేరు పెట్టుకొన్న భాష మనది. ఎండకాలంలో మన దాహం తీర్చే 'కూజా' పారశీక పదం. అదే ఉర్దూ ద్వారా తెలుగింటికి వచ్చి, తెలుగు పదమే అన్నంతగా కలిసిపోయింది. ఉమర్ ఖయ్యాం రుబాయీలలో కూజా, దానిని చేసే కూజాగర్ పదే పదే దర్శనమిస్తారు. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చి ఆ రుబాయీలను 'పానశాల'గా తెలుగువారికి అందించాడు. ఉర్దూ తరగతి, తెలుగు తరగతి ప్రక్క ప్రక్క గదులలో సాగే మనవంటి కళాశాలలో ఈ ఒక్క మాట రెండు గదులకూ చెందుతుంది. ఇక తర్కశాస్త్రం చదివినవారికి ఘటం లేనిదే పాఠం సాగదని తెలుసు. మట్టి ఉపాదాన కారణం, కుమ్మరి, కర్ర, చక్రం నిమిత్త కారణాలు అని చెప్పి గాని శాస్త్రకారులు ముందుకు పోరు. రామాయణాన్ని తెనిగించిన మొల్లను జనం నేటికీ కుమ్మరి మొల్ల అనే పిలుచుకొంటారు. పూర్వం గ్రామ వ్యవస్థలో పన్నిద్దరు ఆయగాండ్రలో కుమ్మరి ఒకడు. పంట ఇంటికి వచ్చినప్పుడు రైతు కొలిచి ఇచ్చిన ధాన్యం అతని ఏడాది గ్రాసం. పెళ్లిలో అయిరేని కుండలు అతని ఇంటినుంచి రావలసిందే.

ఇన్ని విధాల కుండను గౌరవించిన మనం కుమ్మరిని మాత్రం అరుగు క్రిందనే నిలబెట్టాము. ఇది ఏదో ఒక మతంవారికే అంటిన దోషం కాదు. చేతిపనికి కులం అంటగట్టి, ఆ కులానికి మెట్టు నిర్ణయించే అలవాటు ఈ దేశంలో అందరికీ అబ్బింది. ముస్లిం కుటుంబాలలో సైతం దూది ఏకిన తాతను గురించి మాట్లాడడానికి వెనుకాడే మనుమలు లేకపోలేదు. కాబట్టి చదువుకొన్న బిడ్డ సారె ముందు కూర్చుంటానంటే ఇంట్లో పుట్టే దుఃఖం రాబడిని గురించినది మాత్రమే కాదు. మెట్టు దిగిపోతున్నామన్న భయం దానిలో సగం. ఈ రెండు భయాలను విడదీసి చూడాలి. రాబడిని గురించిన భయం సహేతుకమైనది. దానికి లెక్కలతో సమాధానం చెప్పాలి. మెట్టును గురించిన భయానికి సమాధానం చెప్పనవసరం లేదు. దానిని విడిచిపెట్టాలి.

కళను చదివి మట్టికి అంకితమైనవారు నిజంగా ఉన్నారా అని అడిగేవారికి మన దేశంనుంచే ఒక జీవితాన్ని చూపవచ్చు. కృపాల్ సింగ్ షెఖావత్ 1922లో రాజస్థాన్‌లో జన్మించాడు. శాంతినికేతన్‌లో చిత్రకళ నేర్చాడు. తరువాత జపాన్ వెళ్లి ప్రాచ్య కళను అభ్యసించాడు. భారత రాజ్యాంగం మూలప్రతిని నందలాల్ బోసు ఆధ్వర్యంలో అలంకరించిన చిత్రకారుల బృందంలో ఆయన ఒకడు. అటువంటి చిత్రకారుడు కాన్వాసు మీదనే స్థిరపడి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. కాని ఆయన జైపూరు నీలిపాత్రల వైపు తిరిగాడు. పారశీక, మధ్య ఆసియా దేశాల కాశీపని సంప్రదాయంనుంచి వచ్చి, పందొమ్మిదవ శతాబ్దంలో జైపూరు పాలకుడు సవాయి రామ్ సింగ్ ఆదరణలో వర్ధిల్లిన ఈ విద్య ఇరవయ్యవ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి కొన ఊపిరితో ఉన్నది. కమలాదేవి ఛటోపాధ్యాయ, మహారాణి గాయత్రీదేవి ఇచ్చిన ప్రోత్సాహంతో 1960ల నుంచి కృపాల్ సింగ్ దానిని మళ్లీ బ్రతికించాడు.

ఈ నీలిపాత్రలలో ఒక విశేషం ఉన్నది. వీటిలో మామూలు కుమ్మరి మట్టి ఉండదు. పలుగురాతి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి, బంక మొదలైనవి కలిపి ముద్ద చేస్తారు. ఆ ముద్దకు సాగే గుణం తక్కువ. అందువల్ల దానిని అచ్చులలో ఒత్తి రూపమిస్తారు. సారె పని మెడ, అంచు, అడుగులవద్ద మాత్రమే. కోబాల్టు ఆక్సైడు నీలిరంగును, రాగి ఆక్సైడు ఫిరోజా రంగును ఇస్తాయి. రంగు వేసి, గాజుపూత పూసి, ఒకే ఒక్కసారి కాలుస్తారు. కాల్పులో చీలిన పాత్రను తిరిగి మట్టిగా మార్చడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ కళాశాల చదువు ఏమి ఇచ్చింది, ఏమి ఇవ్వలేదు అని విచారించాలి. గీత మీద అధికారం, పాత చిత్రాల పరిచయం, ఏ ఆకృతికి ఏ అలంకారం నప్పుతుందో తెలిసిన దృష్టి చదువు ఇచ్చినవి. అందువల్లనే ఆయన పాతవాటిని నకలు చేస్తూ ఆగిపోక క్రొత్త రంగులు, క్రొత్త అలంకారాలు చేర్చగలిగాడు. కాని ముద్ద పాళ్లు, కొలిమి వేడిమి, పూత స్వభావం ఏ చిత్రకళా తరగతిలోనూ దొరికేవి కావు. వాటిని పనిలోనే సంపాదించుకోవాలి. 1974లో ప్రభుత్వం ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. 2008లో ఆయన మరణించే నాటికి ఆ విద్య జైపూరులో ఎన్నో కుటుంబాల జీవనాధారంగా నిలదొక్కుకొన్నది. ఒక పట్టభద్రుడు మట్టిపనికి దిగినందువల్ల ఆయన స్థాయి దిగలేదు. ఆ విద్య స్థాయి పెరిగింది.

అయితే విజయగాథలు మాత్రమే చెప్పి ఊరుకోవడం మోసం. రెండవ ఉదాహరణ మరింత జాగ్రత్తగా చదవవలసినది. బెర్నార్డ్ లీచ్ 1887లో హాంకాంగ్‌లో పుట్టిన ఆంగ్లేయుడు. లండన్‌లోని స్లేడ్ కళాశాలలో చిత్రలేఖనం చదివాడు, తరువాత లోహఫలకాల మీద చిత్రాలు చెక్కే విద్య నేర్చాడు. 1909లో ఆ విద్యనే బోధించుకొని బ్రతకవచ్చునని జపాన్ వెళ్లాడు. 1911లో టోక్యోలో కొందరు కళాకారుల కూటానికి పోగా అక్కడ అతిథులకు కాల్చిన పాత్రలిచ్చి వాటిపై బొమ్మలు వేయమన్నారు. వాటికి పూత పూసి అప్పటికప్పుడే కొలిమిలో పెట్టి, గంటలోపల బయటికి తీశారు. ఆ ఒక్క అనుభవంతో ఇరవై నాలుగేళ్ల చిత్రకారుడు కుమ్మరి కావడానికి నిశ్చయించుకొన్నాడు. ఒక జపాను గురువువద్ద శిష్యరికం చేశాడు. 1920లో షోజీ హమాదా అనే మిత్రునితో కలిసి ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్ అనే సముద్రతీర పట్టణంలో సొంత కుమ్మరిశాల పెట్టాడు. 1940లో ఆయన వ్రాసిన 'ఎ పాటర్స్ బుక్' ఇంగ్లీషు చదివే కుమ్మరులందరికీ పాఠ్యగ్రంథం అయింది. 1979లో తొంభై రెండేళ్ల వయస్సులో కన్నుమూశాడు.

ఇంతవరకు అందరూ చెప్పుకొనే కథ. చెప్పుకోనిది మరొకటి ఉన్నది. మొదటి సంవత్సరాలలో ఆ శాలలో కాల్పులు చాలాసార్లు చెడ్డాయి. డబ్బుకు ఎప్పుడూ కటకటే. డార్టింగ్టన్‌కు చెందిన ఎల్మ్‌హర్‌స్ట్ దంపతులవంటి దాతలు ఆదుకొనకపోతే ఆ శాల నిలిచేది కాదేమో. దానిని గట్టెక్కించినవాడు ఆయన కుమారుడు డేవిడ్. ఆయన 1930లలో స్టోక్ నగరంలోని సాంకేతిక కళాశాలకు పోయి, కర్మాగారాలు నడిపేవారితోబాటు మట్టి, పూత, కొలిమి, యాజమాన్యం నేర్చుకొని వచ్చాడు. మట్టి మిశ్రమం మార్చాడు. కట్టెలకు బదులు నూనెతో కాల్చే ఏర్పాటు చేశాడు. ఇంట్లో రోజూ వాడుకొనే గిన్నెలు, కూజాలు, పళ్లేలు ఒక క్రమంలో తయారుచేసి, పట్టికలో ధరలు ప్రకటించి అమ్మే పద్ధతి నెలకొల్పారు. తండ్రికి కళ తెలుసు, కుమారుడు దానికి లెక్క నేర్పాడు. కళాపట్టా తీసికొని సారె పట్టదలచినవారు తండ్రి గ్రంథం చదివితే చాలదు, కుమారుని దారినీ తెలిసికోవాలి.

ఎందుకంటే మట్టి ఉపన్యాసాలకు లొంగేది కాదు. ఆరబెట్టిన పాత్రలో కంటికి కనబడని తడి ఉంటుంది. నూరు డిగ్రీలవద్ద అది ఆవిరి అవుతుంది. మంట తొందరగా పెంచితే ఆ ఆవిరి పాత్రను పగులగొడుతుంది. అయిదారు వందల డిగ్రీల మధ్య మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు వెలుపలికి పోతుంది. 573 డిగ్రీలవద్ద మట్టిలోని పలుగు హఠాత్తుగా వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు అదే స్థాయిలో సంకోచిస్తుంది. ఆ ఘడియలో తొందరపడినవారికి పెంకులు మిగులుతాయి. మన ఊళ్ల కుమ్మరికి ఈ అంకెలు తెలియకపోవచ్చు. కాని ఆవం మీద పొగ రంగు మారడం చూసి కట్టె ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో అతనికి తెలుసు. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఒక ఏడాది శ్రమను ఒక్క దెబ్బ పోగొట్టే వృత్తి ఇది.

అందువల్ల నేను 'పూర్తి జీవనాధారంగా' అన్న మాటను నొక్కి చెబుతున్నాను. ఆదివారాలు మాత్రమే మట్టి ముట్టేవారిని నేను చులకన చేయను. కాని ముద్దను సారె నడిమికి నిలపడం వేళ్లకు, మోచేతికి, నడుముకు పట్టుబడవలసిన విద్య. అది వందల గంటల ఏకాగ్ర అభ్యాసంతో గాని రాదు. పది కప్పులు ఒకే కొలతలో చేయలేనివాడు ఒక్క కప్పు అందంగా చేశానని చెప్పుకొన్నా, ఆ అందం అతని అధీనంలో లేనట్లే. చిత్రకళాశాలలో ప్రతి చిత్రమూ వేరుగా ఉండాలని నేర్పుతారు. కుమ్మరిశాలలో నూరు పాత్రలు ఒకేలా రావాలని నేర్పుతారు. పట్టభద్రుడు మొదట జయించవలసింది ఈ అహంకారాన్ని.

ఇక మూడవ ఉదాహరణ. సర్దార్ గుర్‌చరణ్ సింగ్ 1898లో పుట్టి 1995 వరకు జీవించాడు. భూగర్భశాస్త్రం చదివిన ఆ యువకుడు ఢిల్లీలో ఒక కుమ్మరిశాలలో చేరాడు. అక్కడ పఠాన్ కుమ్మరుల వంశానికి చెందిన అబ్దుల్లావద్ద నీలి గాజుపూత సంప్రదాయంతో పరిచయం కలిగింది. 1919లో జపాన్ వెళ్లి శాస్త్రీయంగా కుమ్మరిపని నేర్చుకొన్నాడు. అక్కడే లీచ్, హమాదా మొదలైనవారి స్నేహం లభించింది. తిరిగివచ్చి, 1952లో ఢిల్లీలో సొంత శాల స్థాపించాడు. 1991లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఈ దేశంలో పట్టభద్రులు కుమ్మరులు కావడానికి దారి వేసినవారిలో ఆయన ముందువరుసలోనివాడు. కాని ఆ దారిలో ఆయన మొదటి గురువులలో పరంపరాగతమైన పనివాడు ఒకడున్నాడని మరువరాదు. పద్మశ్రీ శిష్యునికి వచ్చింది. గురువు పేరు శిష్యుని కథలో ఒక వాక్యంగా మిగిలింది.

ఇక్కడే అన్నిటికంటె గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. స్టీలు, అల్యూమినియం, ప్లాస్టిక్కు వచ్చి కుమ్మరి సారెను మూలకు నెట్టాయి. కుమ్మరి బిడ్డ చదువుకొని ఆ వృత్తి విడిచి పోతున్నాడు. అదే సమయంలో ఏనాడూ మట్టి ముట్టని ఇంటి బిడ్డ కళాశాలలో చదివి ఆ వృత్తిలోకి వస్తున్నాడు. కుమ్మరి చేసిన కూజాను బజారులో బేరమాడి కొంటాం. పట్టభద్రుడు చేసిన కూజాను గాజు అలమరలో పెట్టి, అనేక రెట్లు ధర చీటి తగిలిస్తాం. మట్టి ఒకటే, మంట ఒకటే, శ్రమ ఒకటే. పట్టా ఉన్నచోట అది కళ, లేనిచోట అది కుండ! ఇది అన్యాయం కాదా అని కుమ్మరి బిడ్డ అడిగితే మనం ఏమి చెబుతాం?

అన్యాయమే అని ఒప్పుకొనాలి. కాని దీనికి పరిష్కారం పట్టభద్రులను మట్టినుంచి దూరంగా ఉంచడం కాదు. వృత్తికి పుట్టుకతో ముడి తెగనంతకాలం దానికి గౌరవం రాదు. ఎవరైనా ప్రవేశించగల వృత్తికే న్యాయమైన వేతనం, పాఠ్యగ్రంథం, పరీక్ష, పురస్కారం వస్తాయి. వైద్యం, వాస్తు, ముద్రణ అటువంటివే. పట్టభద్రుడు వచ్చినందువల్ల మట్టిపాత్రకు ధర పెరిగిందంటే, ఆ ధరలో పరంపరాగతమైన పనివానికి భాగం కలిగించడం మన బాధ్యత. అందుకు మార్గం అతనిని జీతానికి పిలిచిన కూలిగా కాక, గురువుగా పిలవడమే. ఇతరుల విద్యను నేర్చుకొని వారి పేరు చెప్పకపోవడం పరీక్షలో నకలు వ్రాయడంతో సమానం.

యువతుల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశంలో పెక్కుచోట్ల మట్టి త్రొక్కడం, జల్లించడం, అలంకరించడం స్త్రీల వంతు. సారె మాత్రం వారికి నిషిద్ధం. కళాశాల చదువు ఈ నిషేధాన్ని సడలించింది. శాంతినికేతన్‌లో చదివిన నిర్మలా పట్వర్ధన్ గాజుపూతల మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి, తాను తెలిసికొన్నది గ్రంథస్థం చేసి ఇతర కుమ్మరులకు అందించింది. 1971లో పుదుచ్చేరిలో డెబొరా స్మిత్, రే మీకర్ కలిసి స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ కుమ్మరిశాలలో నేర్చుకొన్న భారతీయ యువతులు పలువురు నేడు సొంత శాలలు నడుపుతున్నారు. ఇల్లు విడిచి దూరం పోలేని ఆడపిల్లలకు పెరటిలోనే సాగగల ఈ వృత్తి ఒక ఆసరా అని తల్లిదండ్రులు గుర్తించాలి.

ఇప్పుడు నేను ముందు చెప్పిన నియమాలు. ఈ దారి కోరే విద్యార్థి పట్టా చేతికి వచ్చిన మరునాడే అప్పు చేసి కొలిమి కట్టరాదు. కనీసం రెండేళ్లు మరొకరి శాలలో పని చేయాలి. మట్టి త్రొక్కి, కొలిమి ఊడ్చి, పాత్రలు మోసి నేర్చుకొనాలి. ప్రతి కాల్పుకు మట్టి, పూత, ఇంధనం, పగుళ్లు, అమ్మకం అన్నీ ఒక పుస్తకంలో వ్రాయాలి. నూరు పాత్రలు కొలిమిలో పెట్టి ఇరవై పగిలితే మిగిలిన ఎనభై ఆ ఇరవై ఖర్చును కూడా మోయాలని తెలియనివానికి ధర నిర్ణయించడం చేతకాదు. ప్రదర్శనశాలకు అలంకార వస్తువులు చేసినా, వంటింటికి పనికివచ్చే పాత్రలు తప్పక చేయాలి. ఏడాదికి ఒకసారి వచ్చే ప్రదర్శన పేరు తెస్తుంది, దినదినం అమ్ముడుపోయే గిన్నె అన్నం పెడుతుంది. ఇంటి బరువంతా భుజాన ఉన్నవారు కొంతకాలం ఉపాధ్యాయ వృత్తియో, మరొకటియో తోడుగా ఉంచుకొనడం పిరికితనం కాదు.

కళాశాల పాలక సంఘంవారికి నా విన్నపాలు మూడు. మొదటిది, ఆవరణలో ఒక రేకుల పాక క్రింద రెండు సారెలు, ఒక చిన్న కొలిమి ఏర్పాటు చేయాలి. రసాయనశాస్త్రం చదివే విద్యార్థులకు లోహ ఆక్సైడుల పాఠం అక్కడ కంటితో చూసే పాఠం అవుతుంది, కళను అభిమానించేవారికి చేతి పాఠం అవుతుంది. రెండవది, పరిసర గ్రామాలనుంచి అనుభవజ్ఞుడైన ఒక కుమ్మరిని పట్టా అడగకుండా బోధకుడుగా నియమించాలి. అతనికి ఇచ్చే జీతం ఇతర బోధకుల జీతంతో తూగాలి, అతనికి అధ్యాపకుల గదిలో కుర్చీ ఉండాలి. ఈ కుర్చీ లేకపోతే మిగిలినవన్నీ అలంకారాలే. మూడవది, మన కళాశాలలో చదువుతున్న కుమ్మరి కుటుంబాల బిడ్డలకు, లలిత కళా కళాశాలలో చేరదలచినప్పుడు విద్యార్థి వేతనం ఇచ్చి పంపాలి. పట్టా, పరంపర ఒకే చేతిలో కలిసిన నాడు పైన చెప్పిన ఆక్షేపణకు తావుండదు.

విద్యార్థులారా! మీలో అందరూ కుమ్మరులు కావాలని నేను కోరడం లేదు. నూటికి ఒకరు అయినా చాలు. మిగిలిన తొంభై తొమ్మిది మందిని కోరేది ఒక్కటే. మీ మిత్రుడు ఆ మాట అన్ననాడు నవ్వకండి. "ఎవరివద్ద నేర్చుకొంటావు? మట్టి ఎక్కడినుంచి తెస్తావు? మొదటి ఏడాది ఎలా గడుపుతావు?" అని అడగండి. ఇంజనీరు కాబోయేవానిని కూడా మనం ఇలాంటి ప్రశ్నలే అడుగుతాం కదా. రేపు మీరు తల్లిదండ్రులైనప్పుడు మీ ఇంట్లో ఆ మాట వినబడితే, అప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగండి.